రాని ఆటకు పాఠకులు: జీటీఏ 6 అభిమానుల నిరీక్షణపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ నిర్మిస్తున్న ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6’ అనే వీడియో గేమ్ ఈ వ్యాసరచన నాటికి విడుదల కాలేదు. అయినా దానిపై ఇప్పటికే వెలువడిన వ్యాఖ్యానం మన ప్రబంధాలలో చాలావాటికి లభించని స్థాయిలో ఉంది. 2023 డిసెంబరులో వచ్చిన మొదటి ట్రైలర్‌ను 24 గంటల్లో 9 కోట్లకు పైగా సార్లు చూశారు. రెండవది 2025 మే నెలలో వచ్చింది. రెండూ కలిపినా నిడివి ఐదు నిమిషాలకు చేరదు. ఆ కొద్దిపాటి దృశ్యాన్ని అభిమానులు చట్రం చట్రంగా ఆపి, ప్రతి గోడమీది రాతనూ, ప్రతి వాహనాన్నీ, సీసాలోని బీరు బుడగలతో సహా పరిశీలించి వివరించారు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతపు కళాశాలల్లో పాఠం చెప్పేవారికి ఈ చర్చ కొత్తది కాదు. పాఠం మొదలయ్యేలోపు వెనుక బల్లల నుంచి వినిపించేది చాలాసార్లు అదే.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం” అని పెద్దలు నవ్వవచ్చు. ఆ నవ్వుతో తృప్తిపడితే విమర్శకు పని లేదు. కృతి చేతికి రాకముందే దాన్ని చదవడం మొదలుపెట్టిన ఒక పాఠక సమూహం మన తరగతి గదుల్లోనే ఉంది. వారు దేనికోసం ఎదురుచూస్తున్నారు అనేది ఈ వ్యాసపు ప్రశ్న. హింస కోసమనీ నేరం కోసమనీ తరచుగా వినిపించే జవాబు సరైనది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వారి నిరీక్షణకు ప్రధాన విషయం స్థలం. తిరగడానికి వీలైన ఒక ఊరు, ఒక తీరం, ఒక చిత్తడి నేల.

నిరీక్షణకు లక్షణం

హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో పాఠకుని ఆకాంక్షల క్షితిజం గురించి ప్రతిపాదించాడు. పూర్వకృతుల పరిచయం వల్ల ఏర్పడిన అంచనాలతో పాఠకుడు కొత్త కృతిని అందుకుంటాడనీ, ఆ అంచనాకూ కృతికీ మధ్య దూరమే విలువకు ఒక కొలత అనీ ఆ ప్రతిపాదన సారం. ఇది ఉపయోగకరమే గాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. యౌస్ కొలిచే దూరానికి రెండవ కొస కృతి. జీటీఏ 6 విషయంలో ఆ కొస ఇంకా లేదు. 2025లో విడుదల అన్నారు. 2025 మే 2న దాన్ని 2026 మే 26కు వాయిదా వేశారు. 2025 నవంబరు 6న మళ్ళీ 2026 నవంబరు 19కి మార్చారు. జీటీఏ 5 వచ్చింది 2013 సెప్టెంబరులో. ఇప్పుడు డిగ్రీ చదివే విద్యార్థి అప్పటికి ప్రాథమిక పాఠశాలలో ఉన్నాడు. ఇంత దీర్ఘమైన ఎదురుచూపును కేవలం కృతికి పూర్వరంగంగా భావించడం కష్టం. అదే ఒక అనుభవంగా స్థిరపడింది.

మన ఆలంకారికులు ఈ స్థితిని గుర్తించారు. ముప్పది మూడు వ్యభిచారి భావాలలో ఔత్సుక్యం ఒకటి. కోరినది దక్కనప్పుడు కాలయాపనను సహించలేకపోవడం దాని లక్షణం. త్వర, నిట్టూర్పు, మనస్తాపం దాని అనుభావాలు. ట్రైలర్ తేదీ తెలియని నెలల్లో కొందరు అభిమానులు సంస్థ విడుదల చేసిన చిత్రాలలోని చంద్రకళలను లెక్కగట్టి తదుపరి ప్రకటన ఏనాడో ఊహించారు. ఆ లెక్కలు తప్పాయి. పంచాంగం చూసే దేశంలో పుట్టినవారికి ఈ పద్ధతి వింతగా తోచకూడదు. నిజానికి ఇది ఔత్సుక్యానికి అచ్చమైన అనుభావం.

రెండు వాయిదాలకు వచ్చిన స్పందనలను పోల్చి చూస్తే మరొక శాస్త్రవిభాగం అక్కరకు వస్తుంది. అష్టవిధ నాయికలలో విరహోత్కంఠితకూ విప్రలబ్ధకూ భేదం ప్రియుడు రాకపోవడంలో లేదు. ఇద్దరి విషయంలోనూ అతడు రాడు. తగిన కారణం వల్ల ఆలస్యమైందని నమ్మేది మొదటి నాయిక. సంకేతస్థలానికి పిలిచి వంచించాడని తెలుసుకున్నది రెండవది. ఆలస్యమైనా మెరుగుపెట్టి ఇస్తే చాలునన్న మాట మొదటి వాయిదా నాడు గట్టిగా వినిపించింది. రెండవ వాయిదా నాటికి ఆ నమ్మకం పలచబడి, తేదీలన్నీ మదుపరుల కోసమే చెబుతున్నారన్న అనుమానం పెరిగింది. నాయికాభేదాలను వీడియో గేముకు అన్వయించడం కొందరికి ఎబ్బెట్టుగా ఉండవచ్చు. అయితే అభిమానుల వాదన సరిగ్గా ఈ భేదం చుట్టూనే తిరుగుతోంది. ఉన్న పరిభాషను వదిలి కొత్తదాన్ని అరువు తెచ్చుకోవలసిన అవసరం కనబడదు.

ఏ పెద్ద సంఘటన జరిగినా ‘ఇది కూడా జీటీఏ 6 కన్నా ముందే జరిగిపోయింది’ అనడం ప్రపంచమంతటా అభిమానులకు అలవాటైన హాస్యం. మనవాళ్ళూ అదే మాట అంటున్నారు. రాని కృతి ఇక్కడ కాలానికి కొలబద్ద అయింది. కొల్లేటి లంక గ్రామాలలో 2006 నాటి చెరువుగట్ల కూల్చివేతకు ముందు, తరువాత అని కాలాన్ని విడదీసి చెప్పుకుంటారు. జరిగిన దానితో కాలాన్ని కొలవడం లోకరీతి. జరగని దానితో కొలవడం ఈ తరం ప్రత్యేకత. ‘బాహుబలి’ మొదటి భాగానికీ రెండవ భాగానికీ మధ్య, 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ వరకు, తెలుగు ప్రేక్షకులు ఒక్క ప్రశ్నను పట్టుకుని గడిపారు. అక్కడ కథ ఆగిన చోటు తెలుసు. ఇక్కడ కొనసాగవలసిన కథంటూ ఏదీ లేదు. ఈ శ్రేణిలో ప్రధాన కృతులు మారినప్పుడల్లా పాత్రలూ మారుతుంటాయి. కొనసాగేది ఊరు.

వైస్ సిటీ అనే ఊరు

కొత్త ఆట జరిగేది లియొనైడా అనే కల్పిత రాష్ట్రంలో. అమెరికాలోని ఫ్లోరిడాకు అది ప్రతిబింబం. దాని ప్రధాన నగరం వైస్ సిటీ, అంటే మయామికి మారుపేరు. ఈ పేరు వినగానే మన పట్టణాల్లో ముప్పైలలో ఉన్నవారికి ఒక నగరం కళ్ళముందు కదులుతుంది. 1986 నాటి మయామిని అనుకరించిన ‘వైస్ సిటీ’ 2002లో వచ్చింది, కంప్యూటరుకు 2003లో. గంటకు ఇంతని చెల్లించే నెట్ సెంటర్ల కాలంలో అది ఆంధ్ర పట్టణాల్లోకి ప్రవేశించింది. ఆ ఆటను అక్కడ ఆడిన తీరును గమనించాలి. సంభాషణల ఇంగ్లీషు చాలామందికి అందేది కాదు. కథాభాగాలను పూర్తిచేసినవారు తక్కువ. రిమోట్ హెలికాప్టరుతో కడుతున్న భవనంలో నాలుగు బాంబులు పెట్టవలసిన ఘట్టం దగ్గరే ఎందరో ఆగిపోయారు. ఆగిపోయి ఆట మానలేదు. మోటారుసైకిలెక్కి సముద్రతీరం వెంట తిరిగారు. యుద్ధట్యాంకును రప్పించే ‘ప్యాంజర్’ వంటి రహస్యపదాలను అర్థం తెలియకుండానే బీజాక్షరాల్లా కంఠస్థం చేశారు. కథను వదిలేసి ప్రదేశాన్ని దక్కించుకున్న పఠనం అది.

ఆ తరానికి జీటీఏ 6 ఒక కొత్త ఆట మాత్రమే కాదు, ఎరిగిన ఊరికి తిరుగు ప్రయాణం. మయామిని ఎన్నడూ చూడనివారు ట్రైలర్‌లో ఒక వీధిని చూసి ఇది మారిపోయిందని అంటారు. ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. నకలుతో పరిచయం ముందు కలిగి, అసలుతో పరిచయం ఎన్నటికీ కలగని పాఠకుని మాట అది. మొదటి ట్రైలర్‌లోని కొన్ని దృశ్యాలు ఫ్లోరిడాలో తీసిన, విరివిగా ప్రచారమైన నిజమైన వీడియోలకు అనుకరణలు. అమెరికా అభిమానులు రెంటినీ పక్కపక్కన పెట్టి చూపారు. వారికి ఇది అధిక్షేపం. మన పాఠకుడికి అధిక్షేపం జారిపోయి వర్ణన మిగులుతుంది. ఒక కావ్యం దేశాంతరం చేరినప్పుడు ఎప్పుడూ జరిగేదే ఇది.

ఈ స్థలాసక్తికి పరాకాష్ఠ అభిమానులు గీసిన పటం. 2022 సెప్టెంబరులో దొంగతనంగా బయటపడిన నిర్మాణదశ దృశ్యాలనూ, ట్రైలర్లనూ ఆధారం చేసుకుని, నీడల దిశనూ భవనాల ఎత్తునూ లెక్కించి, ఎన్నడూ అడుగుపెట్టని దేశానికి వారు భూపటం తయారుచేస్తూ వచ్చారు. పాఠపరిష్కర్తలు ఖండిత ప్రతులతో చేసే పనికి ఇది దూరం కాదు. మన శాఖల్లో తాళపత్ర ప్రతుల మీద ఇంత ఓపిక చూపే విద్యార్థి ఎంత అరుదో పర్యవేక్షకులకు తెలుసు.

చోరకథ, కేతన, కొల్లేరు

నేరాన్ని ఆకర్షణీయంగా చూపే కృతిని సాహిత్య శాఖ పట్టించుకోవడమేమిటన్న అభ్యంతరానికి మన సాహిత్యంలోనే సమాధానం ఉంది. దండి దశకుమారచరితంలో అపహారవర్మ చంపానగరంలో జూదమాడతాడు, కన్నాలు వేస్తాడు, లోభుల ధనాన్ని దోచి వారికి సంపద అనిత్యమని నేర్పుతాడు. అతడు రాత్రి బయలుదేరినప్పుడు వెంట తీసుకువెళ్ళే సామగ్రిని, కన్నపు పనిముట్టు, కొలతతాడు, దీపం ఆర్పే పురుగుల పెట్టెతో సహా, కవి జాబితాగా చెబుతాడు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో తెలుగు చేసి కేతన అభినవ దండి అనిపించుకున్నాడు. దాన్ని అంకితం పుచ్చుకున్నది మంత్రి, భారత కవి అయిన తిక్కన. చోరవిద్యను వర్ణించిన కావ్యాన్ని రాజ్యతంత్రం నడిపిన వ్యక్తి స్వీకరించాడంటే, ఆనాటి పాఠకులు నేరాన్ని చదవడానికీ చేయడానికీ మధ్య తేడా ఎరిగినవారే అయి ఉండాలి.

అంతకన్నా మనకు దగ్గరైనది మంత్రగుప్తుని కథ. ఆంధ్ర నగరం చెంత సముద్రమంత సరస్సు, దాని గట్టున దాగడానికి చేసుకున్న రహస్యబిలం, స్నానానికి దిగిన ఆంధ్రరాజు వధ, అతని స్థానంలో మంత్రగుప్తుడు నీటి నుంచి పైకి రావడం అందులో ఉన్నాయి. ఆ నగరం వేంగి అనీ, ఆ సరస్సు కొల్లేరు అనీ గుర్తించినవారున్నారు. ఏలూరుకు కొద్ది దూరంలోని పెదవేగిలో నిలబడితే ఈ కథలోని నేరస్థలం మన జిల్లాలోనే ఉందన్నమాట. దశకుమారులు పదిమంది దిక్కులు పట్టి తిరిగి, ఎవరి సాహసం వారు చెప్పుకోవడం ఆ కథానిర్మాణం. ఓపెన్ వరల్డ్ అని నేడు పిలిచే రచనాపద్ధతికి దానితో ఒక సామ్యం, ఒక భేదం ఉన్నాయి. సామ్యం సంచారంలో. భేదమల్లా, కుమారుల నేరాలన్నీ చివరకు రాజ్యప్రాప్తిలో లీనమవుతాయి. వైస్ సిటీలో ఆటగాడు ఎన్ని చేసినా మరునాటికి వీధులు యథాప్రకారం ఉంటాయి.

లియొనైడాలో గ్రాస్‌రివర్స్ అనే చిత్తడి ప్రాంతం ఉందని సంస్థ ప్రకటించింది. అది ఎవర్‌గ్లేడ్స్‌కు అనుకరణ. రెండవ ట్రైలర్ తరువాత మన విద్యార్థుల్లో కొందరు ఆ గడ్డినీళ్ళనూ పడవలనూ చూసి కొల్లేరులా ఉందన్నారు. ఎవర్‌గ్లేడ్స్ 1987లోనూ కొల్లేరు 2002లోనూ రామ్‌సర్ జాబితాలో చేరాయి కనుక పోలిక యాదృచ్ఛికమైనా నిరాధారం కాదు. అయితే పోలిక నడిచిన దిశ గమనార్హం. తెలిసిన కొల్లేరుతో తెలియని గ్రాస్‌రివర్స్‌ను కొలిచారు. పరాయి దృశ్యం స్వస్థలాన్ని మరపింపజేస్తుందన్న సాధారణ ఆరోపణకు ఇది ఎదురు సాక్ష్యం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే తీరు, అయిదవ కాంటూరు గీత ఎవరి చెరువు ఉండాలో ఎవరిది పోవాలో తేల్చిన తీరు ఎరిగిన పిల్లలకు పటం అంటే ఏమిటో బాగా తెలుసు. వారి కొల్లేరును అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ వంటి నవల పట్టుకుంది. అటువంటివి ఇంకా ఎన్ని ఉన్నాయన్నది తెలుగు రచయితలు తమను తాము అడగవలసిన మాట.

అభిమానుల పఠనంలో లోపాలు

ఇంత శ్రద్ధగల పాఠకులు ఒక చోట మాత్రం అశ్రద్ధ చూపారు. మొదటి ట్రైలర్ లూసియా అనే యువతిని కారాగారంలో చూపుతూ మొదలవుతుంది. త్రీడీ యుగం మొదలయ్యాక ఈ శ్రేణి ప్రధాన కృతుల్లో ఆడదగిన తొలి స్త్రీపాత్ర ఆమె. జేసన్‌తో కలిసి నేరబాట పడుతుంది. నీటిలో కాంతి ఎలా విరిగిందో పదిసార్లు చూసినవారు ఆమె జైలుకు ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. నిలిచినవారిలో కొందరు ఆమె రూపురేఖలను ఎగతాళి చేయడానికే నిలిచారు. స్థలాన్ని అంత సూక్ష్మంగా చదివిన కన్ను మనిషి దగ్గరకు వచ్చేసరికి మొద్దుబారింది. గ్రాఫిక్స్ అనే ఒక్క మాటతో అన్ని గుణాలనూ చెప్పడం కూడా ఈ విమర్శకు పరిమితే. ‘శైలి బాగుంది’ అని రాసి ఊరుకునే పీఠికలకు అలవాటుపడ్డ మనం ఈ విషయంలో వారిని మరీ తప్పుపట్టలేం.

చివరిగా ఆట ఎవరి చేతికి అందుతుందన్న విషయం. జీటీఏ 6ను ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు ప్రకటించారు. కంప్యూటరుకు తేదీ ప్రకటించలేదు. భారతదేశంలో 2025లో ఆ యంత్రం ధర 50,000 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. ఆట ధర వేరు. అది 100 డాలర్లకు చేరుతుందేమోనని ప్రపంచమంతటా అభిమానులు వాదించుకున్నారు. చేపల చెరువుల మీద కౌలుకో కూలికో ఆధారపడిన కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థికి ఈ వాదన విడ్డూరంగా ఉంటుంది. అతడు విడుదల నాడు ఫోనులో మరొకరు ఆడుతుండగా చూస్తాడు. వైస్ సిటీ వీధుల్లో ఎటు తిరగాలో ఆ మరొకరే నిర్ణయిస్తారు. నెట్ సెంటరులో గంటకు డబ్బు కట్టినవాడికి తనకు నచ్చిన సందులోకి బండి తిప్పే వీలుండేది. ఇతడికి ఆ వీలు లేదు. తనకు రాదని తెలిసిన ఆటకు తేదీలు లెక్కపెట్టి, పటం గీసి, ఆ పటంలోని చిత్తడి నేలకు కొల్లేరుతో పోలిక చెప్పినవారిలో ఇతడూ ఒకడు.