చర్చి గుమ్మం ఎక్కని పిల్లల అన్న

కొత్తపేటలో ఆదివారం చర్చికొచ్చే పిల్లలకు పాఠం చెప్పడం ఒక పని. సాయంత్రం కాలవగట్టు మీద ఫోను చూసుకుంటున్న పదిహేనేళ్ల కుర్రాడి పక్కన కూలబడి మాట కలపడం వేరే పని. ఆ రెండోది చేసే యువజన సేవకులంటే నాకు ఎనలేని గౌరవం.

వాళ్లు ముందు బైబిలు తీయరు. కొబ్బరితోటలో వాలీబాల్ నెట్టు కడతారు. ఆ ఆటకీ ఈ సేవకీ పాత చుట్టరికమే ఉంది: 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ మొదలుపెట్టిన క్రైస్తవ యువజన సంఘం వైఎంసీఏ అమెరికాకూ పాకింది, అక్కడి వైఎంసీఏలో పనిచేస్తూనే విలియం మోర్గాన్ 1895లో వాలీబాల్‌ను రూపొందించాడు.

ఆట ముగిశాకే అసలు పనితనం. ఇంటర్ తప్పినవాణ్ణి సప్లిమెంటరీ ఫీజు కట్టావా అని అడగాలి. తండ్రి గల్ఫ్‌లో ఉన్నవాడి గోడు చివరిదాకా వినాలి. యేసు గురించి ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం అన్నిటికన్నా కష్టం. ‘అన్నా, మాకోసం ఎందుకిలా తిరుగుతున్నావ్?’ అని కుర్రాడే అడిగేదాకా ఆగగలిగినవాడే పనివాడు. ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసేలానే కలుస్తాడు. కుర్రాడు చర్చికి రాకపోయినా స్నేహం మానడు.

సంఘ పెద్దలకు ఒక మనవి. వేసవి సెలవుల బైబిలు బడి వీబీఎస్‌కు ఖర్చు పెడుతున్నారు కదా, ఇలాంటి సేవకుడి బంతికీ పెట్రోలుకీ కూడా నెలనెలా కొంత తీసిపెట్టండి.