పద్యం పాడినవారూ, పెట్టె వాయించినవారూ

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. వాణిజ్యశాస్త్రం చదువుకుని, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్న మనిషిని. రాగం వింటే పోల్చుకోగలను గానీ లక్షణం చెప్పమంటే తడబడతాను. అయినా పద్యనాటకం గురించి నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నానంటే కారణం ఉంది. మన నాటకం మీద వచ్చిన విమర్శ చాలావరకు గొంతు గురించో, సాహిత్యం గురించో, నటన గురించో ఉంటుంది. ఆ గొంతుకు ఎవరు, ఏ పద్ధతిలో డబ్బు ఇచ్చారు, ఆ పద్ధతి వల్ల నాటకమే ఎలా మారిపోయింది అన్న ప్రశ్న అరుదుగా కనిపిస్తుంది. అది నా వృత్తికి దగ్గరి ప్రశ్న కాబట్టి అడుగుతున్నాను. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

మొన్న శ్రీరామనవమికి గోరేబాళ క్యాంపులో శ్రీకృష్ణ రాయబారం చూశాను. మన క్యాంపుల సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. తుంగభద్ర ఎడమగట్టు కాలువ పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి మన పెద్దవాళ్లు సింధనూరు, గంగావతి, మాన్వి ప్రాంతాలకు వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. వరి సాగుతో పాటు నాటకాన్నీ వెంట తెచ్చుకున్నారు. రామాలయం కట్టగానే దాని ముందు పందిరి వేశారు.

ఆ రాత్రి ఇద్దరు కృష్ణులు. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు మరొకరు. నటులు మూడు ఊళ్ల నుంచి మూడు బస్సుల్లో వచ్చారు. దుర్యోధన వేషధారికీ, రెండో కృష్ణుడికీ మొదటి పరిచయం రామాలయం అరుగు మీద, టీ గ్లాసులు చేతిలో పట్టుకుని ఉండగా జరిగింది. రిహార్సలు లేదు. హార్మోనియం మాస్టారు పక్క క్యాంపు మనిషి. డెబ్బై దాటిన వయసు. ఆయనా, తబలా కుర్రాడూ తెర లేవడానికి గంట ముందు వచ్చి, ఒక్కొక్క నటుడి దగ్గరికీ వెళ్లి ఏ శ్రుతి అని అడిగి తెలుసుకున్నారు. ఇద్దరు కృష్ణుల శ్రుతులూ వేరు. అర్జునుడిది ఇంకొకటి.

మొదటి కృష్ణుడు గొంతున్నవాడు. పద్యం మూడు పాదాలు ముగించి నాలుగో పాదానికి ముందు ఎత్తుకున్న రాగం ఎంతసేపు సాగిందంటే, నిద్ర లేచి ఎదురు కూర్చోవలసిన సన్నివేశంలో అర్జునుడు చేతులు కట్టుకుని పక్కకు చూస్తూ ఉండిపోయాడు. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. రెండోసారి రాగం పూర్తయ్యేసరికి నాలుగో పాదం గుర్తు రాలేదు. అది సభలో పదిమంది కూడా గమనించి ఉండరు. మాస్టారు గమనించారు. రాగం చివరి స్వరాన్ని అందుకుని చిన్న వరస అల్లుతూ నటుడి వైపు వంగి పాదంలో మొదటి మాట అందించారు. పద్యం నిలబడింది, చప్పట్లు కృష్ణుడికి వచ్చాయి. మర్నాడు కమిటీ లెక్క చూస్తే, కృష్ణుడికి ఇచ్చినదానిలో ఆరో వంతు మాస్టారికి ఇచ్చారు.

దీన్ని చూసి మన నాటకానికి సామరస్యం లేదు, అందరూ కలిసి ఆడే ఆట కాదు, ఎవరి పాట వారిదే అని విమర్శించవచ్చు. ఆ మాట కొత్తది కాదు, మనకు దగ్గరి ఊరు బళ్లారిలోనే గట్టిగా వినిపించింది. బళ్లారి తెలుగు నాటకానికి పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు అక్కడే సమాజాలు పెట్టి నాటకాలు రాసి ఆడించారు. వారి తరువాత వచ్చిన బళ్లారి రాఘవ (1880–1946) రాగాలాపనతో నాటకాన్ని ముంచెయ్యవద్దని, పాత్ర మనసు ముందు, పాట వెనుక అని వాదించారు. తాను అలాగే నటించి చూపించారు. పి.వి. రాజమన్నారు ‘తప్పెవరిది’ వంటి వచన నాటకాన్ని ఆడి నిలబెట్టారు. రాఘవగారి వాదం న్యాయమైనదే. దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

అయితే ఒక్క విషయం గమనించమని మనవి. ధర్మవరంవారు వకీలు. కోలాచలంవారు వకీలు. రాఘవగారూ పేరుమోసిన వకీలే. పద్యాన్ని సాగదీయకుండా అర్థం తెలిసేలా పాడిన బందా కనకలింగేశ్వరరావుగారు ఏలూరులో న్యాయవాది. వీరెవరికీ నాటకం మీద పొయ్యి వెలిగించుకోవలసిన అవసరం లేదు. జనం వన్స్ మోర్ అన్నా అనకపోయినా మర్నాడు కోర్టు ఉంది. కాబట్టి తాము నమ్మిన కళను నమ్మినట్టే ఆడగలిగారు. వృత్తినటుడి సంగతి వేరు. ఈ రాత్రి చప్పట్లు వినబడితేనే వచ్చే నెల ఇంకో ఊరు నుంచి పిలుపు వస్తుంది. అతనికి రాగం అభిరుచి ఒక్కటే కాదు, దరఖాస్తు కూడా.

మొదటినుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వెళ్లి ప్రదర్శనలిచ్చిన తరువాతనే కందుకూరి వీరేశలింగంగారు తెలుగులో నాటకం ఆడించారన్నది చరిత్ర. అంటే ఈనాడు మనం కాపురముంటున్న రాష్ట్రం నుంచి వెళ్లిన విత్తనమే అక్కడ మొలిచింది. ఆ కంపెనీల పద్ధతిలో నెలల తరబడి కలిసి తిరుగుతూ, ఒకే వంటశాలలో తింటూ, రోజూ సాధన చేసేవారు. తరువాత మైలవరం రాజావారి ఆశ్రయంలో నడిచిన బాలభారతీ నాటక సమాజం నటులకు నెలజీతాలిచ్చింది. అక్కడ వరసలు కట్టిన పాపట్ల కాంతయ్య వంటి సంగీతజ్ఞుడికి, ఏ గొంతుకు ఏ వరస నప్పుతుందో కూర్చుని ఆలోచించే తీరిక ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన వనారస వారి సురభి సమాజాలు కుటుంబాలే కంపెనీలుగా బతికాయి. అక్కడ హార్మోనియం వాయించేవాడు బాబాయో, మేనమామో అవుతాడు. పాడే పిల్ల గొంతు అతనికి ఊయలనాటి నుంచి తెలుసు. వారి రంగస్థల మాయాజాలాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పాటకూ పెట్టెకూ ఉన్న పొత్తే పెద్ద మాయ. బి.వి. కారంత్ గారు 1990లలో వెళ్లి వారితో కొత్త నాటకాలు చేయించగలిగారంటే, అక్కడ కలిసి పనిచేసే బృందమంటూ ఒకటి మిగిలి ఉండబట్టే.

టాకీలు వచ్చాక కంపెనీలు కూలాయి. కాంట్రాక్టు నాటకం వచ్చింది. కాంట్రాక్టరు ఒక్కొక్క వేషానికి పేరున్న నటుణ్ణి విడివిడిగా మాట్లాడుకుంటాడు, రాత్రికి ఇంత అని. కృష్ణుడి పేరు మీద జనం వస్తారు కాబట్టి ఇద్దరు కృష్ణులు, ముగ్గురు కృష్ణులు. సాధనకు ఎవరూ డబ్బు ఇవ్వరు కాబట్టి సాధన లేదు. సాధన లేనప్పుడు ఇద్దరు కలిసి చేసే పని కుదరదు, ఒక్కడు చేసే పని కుదురుతుంది. ఒక్కడు చేయగలిగింది పద్యం, పద్యం చివర రాగం. ఆ విధంగా జీతం పద్ధతి మారడంతో నాటకం స్వరూపం మారింది. దాన్ని మనం అభిరుచి పతనమని పిలుచుకున్నాం.

పీసపాటి నరసింహమూర్తిగారు వృత్తినటులై ఉండీ పద్యాన్ని భావానికి తగినట్టు విరిచి మాటలా చెప్పలేదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పారు. కానీ అంత పేరు వచ్చినవాడు ప్రజలను తన దారికి తెచ్చుకోగలడు. పేరు రానివాడు ప్రజల దారిన పోవాలి. విమర్శకుడు మొదటివాణ్ణి కొలబద్దగా పెట్టి రెండోవాణ్ణి కొట్టడం న్యాయం కాదు.

ఇక పెట్టె వాయించినవారి సంగతి. మన దేశంలో వాద్యకారుడికి నెలజీతం, సెలవు, పింఛను ఇచ్చిన ముఖ్యమైన సంస్థ ఆకాశవాణి. 1948లో విజయవాడ కేంద్రం మొదలైంది. వీణ, వయొలిన్, మృదంగం నేర్చినవారికి అక్కడ గౌరవమైన ఉద్యోగాలు దొరికాయి. కానీ హార్మోనియం మన సంగీతానికి తగదని రేడియో 1940లోనే దాన్ని బహిష్కరించింది. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. గమకం పలకదు, స్వరాల మధ్య సందులున్నాయి అన్నది శాస్త్రీయమైన అభ్యంతరమే. దాని ఫలితం మాత్రం లెక్కలో చూడండి. ఊరూరా నాటకాన్ని మోసిన వాద్యకారులు ఎక్కువమంది హార్మోనిస్టులు. దేశంలో దొరికే కాస్త నెలజీతపు కొలువు ముప్పై ఏళ్లపాటు వారికి మూసి ఉంది. ఒక తరం అలాగే వెళ్లిపోయింది.

పోలిక కోసం పశ్చిమ దేశాల ఒపెరా వైపు చూద్దాం. ఆద్యంతం పాడే నాటకం అది. గాయకుడు ఈనాటికీ మైకు లేకుండా, పెద్ద వాద్యబృందాన్ని దాటి చివరి వరుసకు వినిపించేలా పాడతాడు. వన్స్ మోర్ జబ్బు వారికీ ఉండేది. 1903లో మిలాన్‌లోని లా స్కాలాలో జనం ఒక పాట మళ్లీ పాడమని పట్టుబడితే, సంగీత నిర్వాహకుడు టోస్కనీనీ మధ్యలోనే బయటికి వెళ్లిపోయి కొన్నేళ్లు ఆ గడప తొక్కలేదు. మన మాస్టారు అలా లేచిపోతే ఇంటికి బియ్యం ఎక్కడివి?

జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒపెరా శాలలు సుమారు 80 ఉన్నాయి. అక్కడి పద్ధతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. వాద్యబృందంలో చేరినవాడు పరీక్షాకాలం గట్టెక్కితే రిటైరయ్యేదాకా ఉద్యోగి. ముందు నిలబడి పాడే గాయకుడి ఒప్పందం మాత్రం ఏడాదికేడాది. పదిహేనేళ్లు నిండితే తీసివెయ్యడం కష్టం కాబట్టి, ఆ గడువు రాకముందే చాలామందిని ఆపేస్తారని వారి ఫిర్యాదు. ఊరూరా తిరిగే ప్రసిద్ధ గాయకులకైతే పాడిన రాత్రికే డబ్బు. జలుబు చేస్తే ఏమీ లేదు. అంటే వెలుగులో ఉన్నవాడికి అనిశ్చితి, వెనుక కూర్చున్నవాడికి భద్రత. ఆ భద్రత వల్లనే, గాయకులు మారుతున్నా సంగీతం చెడదు. మనది తలకిందులు కూడా కాదు. మన దగ్గర ముందున్నవాడికీ భద్రత లేదు, వెనుకున్నవాడికి అసలే లేదు.

అక్కడంతా స్వర్గమని నా ఉద్దేశం కాదు. 2020లో మహమ్మారి వచ్చి న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరా మూతపడితే, వాద్యకారులకూ బృందగాయకులకూ నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి. అయినా వారికి ఒక సంఘం ఉంది, అడగడానికి ఒక కాగితం ఉంది. ఆ ఏడాది మన క్యాంపుల్లో నవమి పందిళ్లు లేవలేదు. హార్మోనియం మాస్టార్లు ఏం తిన్నారని మనలో ఎవరమూ అడగలేదు.

అడగనివారిలో నేనూ ఒకణ్ణి, అంతకుముందే ఒక తప్పు చేసినవాణ్ణి కూడా. చాలా ఏళ్ల క్రితం, నేను ఒక శాఖలో అప్పుల విభాగం చూస్తున్నప్పుడు, ఈ మాస్టారే కొత్త పెట్టె కొనుక్కోవడానికి అప్పు కావాలని వచ్చారు. ఫారంలో వృత్తి అని ఉన్న గడిలో హార్మోనియం అని రాశారు. నెల ఆదాయం దగ్గర ఖాళీ వదిలేశారు. “మాస్టారూ, ఇలా రాస్తే పైవాళ్లు తిప్పి పంపుతారు. వ్యవసాయ కూలీ అని రాయండి, గేదెకు ఇప్పిస్తాను” అన్నాను. ఆయన కాసేపు ఫారం వైపు చూసి, “గేదెను కొని నేనేం చేసుకోను మేనేజరుగారూ, నాకు పాలు పితకడం రాదు” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నేను నిబంధన తప్పలేదు. కానీ నలభై ఏళ్లు చేసిన పనిని వృత్తి కాదని ఆయన మొహం మీదే చెప్పాను. గోరేబాళలో ఆయన నాలుగో పాదం అందిస్తున్నప్పుడు నాకు ఆ మడిచిన కాగితమే గుర్తొచ్చింది.

ఇప్పుడు చేయగలిగింది ఏమిటి? ప్రభుత్వాల వైపు చూడడం సులువు. కర్ణాటకలో వృద్ధ కళాకారులకు మాసాశనం ఉంది, అర్హులైన మనవారి చేత దరఖాస్తు పెట్టించాలి. ఆ కాగితాలు నింపే పని నాలాంటి వాళ్లం చేయవచ్చు. బనశంకరి జాతరలో కన్నడ నాటక కంపెనీలు నెల రోజులు డేరాలు వేసి టికెట్ల మీద ఆడడం మన కళ్లముందే ఉంది. అంత శక్తి మనకు లేదనుకుందాం. మన నాటకం డబ్బు కాలువ నుంచి వస్తుంది. 2024 ఆగస్టులో తుంగభద్ర గేటు కొట్టుకుపోయినప్పుడు పొలాలతో పాటు పందిళ్ల గురించీ భయపడ్డాం. ఆ పరిమితిలోనే కమిటీలకు రెండు మనవులు. ఇద్దరు కృష్ణుల బదులు ఒక్కరినే పిలిచి, మిగిలిన డబ్బుతో అందరినీ ఒకరోజు ముందు రప్పించి సాధన చేయించండి. ఆ రోజుకూ కూలి కట్టండి. హార్మోనియానికీ తబలాకూ ఇచ్చేది వేషానికి ఇచ్చేదానిలో కనీసం సగం ఉండాలి, కరపత్రం మీద వారి పేర్లు అచ్చు వెయ్యాలి.

అప్పుడు కూడా రాగం శ్రుతి మించితే, రాఘవగారి మాటలు తీసుకుని విమర్శిద్దాం. అందాకా గోరేబాళ ప్రదర్శన మీద నా అభిప్రాయం అడిగితే ఇంతే చెబుతాను. పడక సీను సాగింది. రాయబారం సీను బాగుంది. ఆ రాత్రి రంగస్థలం మీద అందరి మాటా విన్న మనిషి ఒక్కరే. ఆయన కుడిపక్కన, తెర అంచున కూర్చుని ఉన్నారు.