బొమ్మకు కులం ఉంది

దళిత సాహిత్యం గురించి మనం చాలానే రాసుకున్నాం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన కవితనూ కథనూ పాటనూ చర్చకు పెట్టాం. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు నోరు పెగలదు. రంగులూ గ్యాలరీలూ పెద్దోళ్ళ వ్యవహారమని వదిలేశాం. ఆ ఖాళీ జాగాలో బ్రాహ్మణీయ కళావిమర్శ పీట వేసుక్కూచుని, కళకు కులం లేదని తీర్పు చెప్తోంది. నిజంగా లేదా?

నాగపూర్‌లో 1961లో పుట్టిన సవి సావర్కర్ చిత్రాల్ని చూడండి. మెడలో ముంత, నడుముకు చీపురు ఉన్న మనుషులు వాటిలో కనిపిస్తారు. ఇది చిత్రకారుడి ఊహ కాదు. పీష్వాల ఏలుబడిలో పూణేలో అంటరానివాడి ఉమ్ము నేల మీద పడకుండా ముంత, వాడు తొక్కిన దుమ్మును వాడే ఊడ్చుకుపోవడానికి చీపురు కట్టించారని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశారు. పుస్తకంలో అది సమాచారం. సావర్కర్ గరుకు గీతలో అది ఒంటి మీది బరువు.

అయితే ఇక్కడొక చిక్కుంది. అవమానాన్నే చూపిస్తే అగ్రకులపు కన్ను కాసేపు జాలిపడి, బొమ్మ కొనుక్కెళ్ళి గోడకు తగిలించుకుంటుంది. జాలికి ఖర్చేముంది? సావర్కర్ బలం ఎక్కడుందంటే, ముంత మోసినవాడితో ఆగకుండా మనువునూ గీశాడు. కట్టినవాడు కూడా బొమ్మలోకొచ్చాక చూసేవాడికి జాలి చాలదు, జవాబు చెప్పుకోవాలి.

రెండో దారి బీహార్‌ది. మధుబని బొమ్మలంటే రాముడు, కృష్ణుడు, పెళ్ళిగదుల గోడలు అని లోకం అనుకుంటుంది. 1960ల కరువులో ప్రభుత్వ హస్తకళల బోర్డు కాగితాలిచ్చి బొమ్మలు వేయించినప్పుడు ముందు పైకొచ్చినవి బ్రాహ్మణ, కాయస్థ స్త్రీల చేతులే. తర్వాత జిత్వార్‌పూర్‌లో చానోదేవి వంటి దుసాధ్ స్త్రీలు తమ ఒంటి మీది గోద్నాను, అంటే పచ్చబొట్టును, కాగితం మీదికి దించారు. చుక్కలు, వలయాలు, వరసలు కట్టిన చిన్న చిన్న ఆకారాలు. నడుమ రాముడు లేడు. వాళ్ళ కులవీరుడు రాజా సల్హేస్ ఉన్నాడు. మా అమ్మ ముంజేతి మీదా పచ్చబొట్టుంది. దాన్ని కళ అని మా వాడలో ఎవరూ అనలేదు. అనే అధికారం మన చేతుల్లో లేదు గనక. 2024లో గోద్నా చిత్రకారులు శాంతిదేవి, శివన్ పాశ్వాన్‌లకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ బిరుదు వచ్చినంత మాత్రాన ఊరి బావి దగ్గర కులం చెరిగిపోదు.

ఇక మన దగ్గరికొద్దాం. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పటాలు ఒకప్పుడు కులపురాణాలు చెప్పడానికి పుట్టాయి. డక్కలివాళ్ళు మాదిగవాడకొచ్చి జాంబపురాణం చెప్పేవాళ్ళు. బ్రహ్మ కంటే ముందు మనోడే ఉన్నాడన్న ధిక్కారం ఆ కథలో ఉంది. ఇవాళ చేర్యాల బొమ్మ మాస్కు అయింది, డ్రాయింగ్ రూం గోడకెక్కింది. పటం మిగిలి, చెప్పే గొంతు పోతే మిగిలేది అలంకారమే. దాన్ని అస్తిత్వం అనలేం.

ఇంకో మాట కూడా దాచుకోకూడదు. మన పురాణం చెప్పిన డక్కలిని మనమే అంటరానివాణ్ణి చేసి వాడ బయట కూచోబెట్టాం. దళిత కళ గురించి మాట్లాడే మనం ఆ మెట్టునూ విరగ్గొట్టాలి. లేకపోతే బ్రాహ్మణీయాన్ని తిట్టే హక్కు సగమే మిగుల్తుంది.

కాబట్టి బొమ్మ బాగుందా అని అడిగే ముందు అడగాల్సినవి ఉన్నాయి: ఎవరు గీశారు, ఎవరి ముందు నిలబెట్టారు, కూలి ఎవరికి ముట్టింది? ఈ ప్రశ్నలు కళకు బయటివని పండితులంటారు. మెడకు ముంత కట్టినప్పుడు బయటిదేదో లోపలిదేదో ఎవరూ అడగలేదు. దళిత సౌందర్యశాస్త్రం ఈ ప్రశ్నల దగ్గరే మొదలవ్వాలి. పరిశోధకులుగా ఆ పని మనదే.