ఇంగ్లీషులో ఫ్రెంచి పదాలు: పాలన కాలం, ప్రవేశ కాలం

ఇంగ్లీషు పదజాలంలోని ఫ్రెంచి మాటల ప్రస్తావన రాగానే ఒక కథ వినిపిస్తుంది. 1066లో నార్మండీ ప్రభువు విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచాడు. ఏలికల భాష ఫ్రెంచి అయింది, పాలితుల భాషగా ఇంగ్లీషు మిగిలింది. అందువల్లనే పశువును మేపినవాడికి అది 'ఆక్స్', వండించుకొని తిన్నవాడికి 'బీఫ్'. వినడానికి బాగుండే కథ ఇది, ఒకసారి వింటే మరిచిపోలేం కూడా. అన్యదేశ్యాలను అధికారం వేసిన ముద్రలుగా చదివే పద్ధతికి ఇది తరచు ఉపమానంగా వస్తుంది. ఆ ఉపమానం ఎంత గట్టిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కథ పుట్టుక. జంతువు పేరు ఇంగ్లీషుగా, మాంసం పేరు ఫ్రెంచిగా ఉండటాన్ని జాన్ వాలిస్ 1653 నాటి తన ఇంగ్లీషు వ్యాకరణంలో గుర్తించాడు. దానికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు వాల్టర్ స్కాట్. 1819లో వెలువడిన 'ఐవాన్హో' నవల మొదటి అధ్యాయంలో విదూషకుడు వాంబా పందుల కాపరి గర్త్‌కు ఈ సంగతి బోధిస్తాడు. పన్నెండో శతాబ్దపు సేవకుల సంభాషణగా మనం చదివేది నిజానికి పంతొమ్మిదో శతాబ్దపు నవలాకారుడి వ్యాఖ్యానం. ఫ్రెంచిలో ఈ మాటలు జంతువుకూ మాంసానికీ రెండింటికీ చెల్లుతాయి. ఇంగ్లీషులోనూ చాలాకాలం అలాగే చెల్లాయి. 1611 నాటి బైబిలు అనువాదంలో 'బీఫ్'కు బహువచనమైన 'బీవ్స్' ప్రాణమున్న పశువులనే సూచిస్తుంది. అంటే యుద్ధం జరిగి అయిదు శతాబ్దాలు గడిచినా అర్థవిభజన పూర్తి కాలేదు. వంటశాలలో ఫ్రెంచికి ఉన్న గౌరవాన్ని ఎవరూ కాదనరు. కాని ఆ విభజనను విజేత వచ్చిన మరునాడే గీసిన గీతగా చూపడం చరిత్ర కాదు.

ఇంతకన్నా ముఖ్యమైనది తేదీల సాక్ష్యం. విలియం జరిపించిన భూముల సర్వే, 1086 నాటి 'డూమ్స్‌డే బుక్', లాటిన్‌లో ఉంది. తొలి నార్మన్ల కచేరీలలో రాతభాషగా ప్రధానమైనది లాటినే. ఒటో యెస్పర్సన్ 1905లో వెలువరించిన గ్రంథంలో వేయి ఫ్రెంచి పదాలను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోని తొలి ప్రయోగాల ఆధారంగా అర్ధశతాబ్దాల వారీగా లెక్కించాడు. అందులో 1250కి ముందువి కొద్ది. నూటికి నలభైకి పైగా 1250–1400 మధ్య వచ్చినవి. ఆల్బర్ట్ బా 1935లో ప్రచురించిన ఆంగ్లభాషా చరిత్ర కూడా ఈ నిర్ణయాన్నే బలపరిచింది.

ఈ లెక్కకు ఒక ఆక్షేపణ ఉంది. లిఖిత ప్రయోగం తేదీ మాట పుట్టిన తేదీ కాదు. పైగా 1066 తరువాత ఇంగ్లీషులో రచనలే తగ్గిపోయాయి కనుక మాటలు నోళ్లలో నలుగుతూ కాగితం మీదికి ఎక్కలేదని వాదించవచ్చు. వాదంలో బలం ఉంది, కాని కొంతవరకే. పన్నెండో శతాబ్దపు 'ఓర్ములం' వేల పాదాల ఇంగ్లీషు రచన. అందులో ఫ్రెంచి పదాలు బహు స్వల్పం. విజయం జరిగి నూరేళ్లయినా ఒక ఇంగ్లీషు మతగురువు ఆ మాటల అవసరం లేకుండానే అంత గ్రంథం రాయగలిగాడు.

మరి 1250 తరువాత ఏం మారింది? 1204లో జాన్ రాజు నార్మండీని కోల్పోయాడు. ఆ శతాబ్దంలోనే వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ ఒక కులీన స్త్రీ కోసం, ఆమె ఇంటి పిల్లలకు ఫ్రెంచి నేర్పడానికి, ఫ్రెంచి పద్యాలలో ఒక పాఠ్యగ్రంథం రాశాడు. దాని రాతప్రతులలో పంక్తుల మధ్య ఇంగ్లీషు అర్థాలు కనిపిస్తాయి. ఈ చిన్న పుస్తకం నా దృష్టిలో ఎన్నో యుద్ధాలకన్నా విలువైన సాక్ష్యం. ప్రభువుల పిల్లలకే ఫ్రెంచి పాఠం చెప్పవలసి వచ్చిందంటే అది అప్పటికే తల్లిభాషగా జారిపోతున్నదన్నమాట. 1362లో న్యాయస్థానాల వాదనలు ఇంగ్లీషులో జరగాలని శాసనం వచ్చింది. ఫ్రెంచి దేశంలో అంతగా తెలియదన్నది ఆ శాసనం చెప్పిన కారణం. ఆ శాసనం మాత్రం ఫ్రెంచిలోనే రాశారు!

ఈ రెండు సాక్ష్యాలనూ తేదీల పక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: ఫ్రెంచి బలంగా ఉన్నప్పటికన్నా అది వెనక్కి తగ్గుతున్నప్పుడే దాని మాటలు ఇంగ్లీషులోకి ఎక్కువగా వచ్చాయి. రెండు భాషలూ తెలిసినవారు వ్యాజ్యం, లెక్క, ప్రార్థన, విద్య అనే పనులను ఇంగ్లీషులోకి మార్చుకుంటూ, ఆ పనులకు అలవాటైన మాటలను వెంట తెచ్చుకున్నారు. వాటిని పాలితుల నోట బలవంతంగా కుక్కిన మాటలనడం కన్నా, తాము వదులుతున్న భాష నుంచి ద్విభాషులు మోసుకొచ్చిన సామాను అనడం సమంజసం.

ఆ సామాను ఒక్క విడతలో రాలేదు. ఇక్కడ మన ప్రకృతి–వికృతి విచారణ పనికొస్తుంది. 'ముఖము–మొగము'లలో మూలం ఒకటే అయినా రూపాలు వేరు. ఇంగ్లీషులో 'చీఫ్', 'షెఫ్' రెండూ ఒకే ఫ్రెంచి మాట. మధ్యయుగంలో వచ్చినది నాటి ఫ్రెంచి చకారాన్ని నిలుపుకొంది. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చినది మారిన ఉచ్చారణతో వచ్చింది. 'క్యాటిల్' నార్మన్ రూపం, 'చాటెల్' మధ్య ఫ్రాన్సు రూపం. రెండింటికీ మొదటి అర్థం ఆస్తి. మన 'జైలు'కు ఇంగ్లీషులో రెండు వర్ణక్రమాలుండటానికి కారణం కూడా ఈ మాండలిక భేదమే. ఇక 'డెట్' అనే మాటను ఫ్రెంచి నుంచి వచ్చినట్లే రాసేవారు. తరువాతి పండితులు లాటిన్ మూలాన్ని గుర్తుచేస్తూ నడుమ ఒక బకారం చేర్చారు. అది నేటికీ పలకదు. వికృతికి ప్రకృతి వేషం వేయడమంటే ఇదే.

ఈ చర్చ తెలుగుకు తగిలే చోటు ఒకటుంది. వకీలు, తహసీల్దారు, దస్తావేజు వంటి మాటలను గోల్కొండ పాలన ఫలితమని ఒక్క వాక్యంలో తేల్చడం పరిపాటి. గోల్కొండ 1687లో పతనమైంది. ఈ మాటలను పోగుచేసిన బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు 1854 నాటిది. అప్పటి కచేరీలు కంపెనీవి. కనుక ఆ నిఘంటువు నేరుగా సాక్ష్యమిచ్చేది కంపెనీ కాలపు వాడుకకు. వాటిలో ఏ మాట సుల్తానుల నాటిది, ఏది తరువాతి నవాబుల నాటిది, ఏది తెల్లదొరల కచేరీలో స్థిరపడినదీ అన్నది శాసనాలలో, కైఫీయతులలో, కరణాల లెక్కలలో తొలి ప్రయోగాలను మాటమాటకూ గుర్తించి తేల్చవలసిన విషయం.