‘మా తండ్రీ’ – ఒక పదవిచారము

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్త 6వ అధ్యాయమునను, లూకా సువార్త 11వ అధ్యాయమునను గలదు. లూకా సువార్త ప్రాచీన ప్రతులలో సంబోధనము ‘తండ్రీ’ యని మాత్రమే యున్నది. మత్తయి పాఠమున దానితో ‘మా’ యను పదము చేరినది. బాల్యమునుండి కంఠస్థమై యుండుటచే ఈ చిన్న పదమును ఎవరును విచారింపరు. మా దృష్టిలో ప్రార్థన బరువు చాలవరకు దానిపైననే యున్నది.

గ్రీకు మూలమున ‘మా’, ‘మన’ యను భేదము లేదు. కన్నడమునను లేదు, ‘నమ్మ’ యను నొక్క మాటయే రెండింటికిని చాలును. తెలుగు, తమిళము, మరాఠీ భాషలందు ఆ భేదము గలదు. కావున తెనిగించినవారికి రెండింటిలో నొకదానిని ఎన్నుకొనక తప్పలేదు. వారు ‘మా’ యనిరి. అది సరియైన నిర్ణయమే. వినువాడు దేవుడు, ఆయన తనకు తాను తండ్రి కాడు. గనుక ఆయనతో ‘మన తండ్రీ’ యనుట పొసగదు.

అయితే ఈ ‘మా’ను ‘మా కులము, మా సంఘము, మా భాషవారు’ అన్నట్లు భావించువారు గలరు. మన దేశమున కొన్నిచోట్ల క్రైస్తవ శ్మశానములలో సైతము కులమును బట్టి గోడలు లేచినవి. అట్టి భావమునకు ఈ పదమున ఆధారము లేదు. ‘మా’ తప్పక విడిచిపెట్టునది ఎదుట నుండి వినువానిని మాత్రమే. ఇచ్చట వినువాడు దేవుడొక్కడే. ప్రక్కన మోకరించిన పరభాషీయుని గాని, వెనుక నిలిచిన పేదవానిని గాని అది వెలివేయదు. ప్రార్థన ముగించి వానివైపు తిరిగినపుడు మనము పలుకవలసినది ‘మన తండ్రి’ యనియే.

తరువాత వచ్చునది నామము. తండ్రి పేరు నిలుపుట, చెడగొట్టుట అను మాటలు ఎరుగని తెలుగిల్లు లేదు. యెహెజ్కేలు గ్రంథము 36వ అధ్యాయ సారము నిదియే. ఇశ్రాయేలీయులు తమ నడత వలన పరదేశములకు చెదరిపోగా, వారు చేరిన చోటులందు దేవుని నామమునకే కళంకము వచ్చెను. ఆ నామమును తానే పరిశుద్ధపరతునని దేవుడు పలికెను. కనుక నామపవిత్రతను కోరుట యనగా మొదట దేవుని క్రియకై వేడుట. పిమ్మట ఆ క్రియకు మన నడతను ఒప్పగించుట.

పొరుగు సీమలలో తరతరములుగా నివసించు మనబోటి కుటుంబములకు ఈ యర్థము దగ్గరది. మన పిల్లలు ఈ ప్రార్థనను బడిలో కన్నడమునను, తమిళమునను, ఇంగ్లీషునను చెప్పుకొందురు. అందు దోషమేమియు లేదు. కాని ఇంటిలో తెలుగున చెప్పించునపుడు ‘మా’, ‘మన’ల భేదమును విప్పి చెప్పుట పెద్దల విధి. దేవునితో ‘మా’ యనియు, పొరుగువానితో ‘మన’ యనియు పలుకనేర్చిన బిడ్డ తండ్రి పేరు నిలుపగలడని మా నమ్మకము.