స్టాపర్‌ను ఏమడగాలి

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ పోటీ. 68వ నిమిషంలో కేరళ తరఫున రాహుల్ గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. ఆట పెనాల్టీల దాకా వెళ్లింది. కేరళ తరఫున మొదటి కిక్కుకు వచ్చినవాడు మార్కో లెస్కోవిచ్, క్రొయేషియా నుంచి వచ్చిన స్టాపర్. ఆ సీజన్లో కేరళ వెనక వరుసకు నడిమి స్తంభం అతనే. అతని కిక్కును హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి ఆపేశాడు. ఆ తర్వాత ఇంకో రెండు ఆపి హైదరాబాద్‌కు కప్పు తెచ్చిపెట్టాడు.

మా బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లోని తెలుగు ఇళ్లు ఆ రాత్రి సంబరపడ్డాయి. ఇక్కడే పుట్టి పెరిగి, పెళ్లిళ్లకు తప్ప హైదరాబాద్ మొహం చూడని పిల్లలు కూడా ‘మన టీమ్’ అన్నారు. నేనూ సంతోషించాను. కానీ రైల్వే మైదానాల్లో ఏళ్ల తరబడి బ్యాక్ ఆడినవాణ్ణి కాబట్టి నా మనసు లెస్కోవిచ్ దగ్గరే ఆగిపోయింది. ఒక సీజనంతా అతను ఆపిన బంతులు ఎవరికి గుర్తున్నాయి? ఆ ఒక్క కిక్కు మాత్రం అందరికీ గుర్తుంది.

ఇది అతనొక్కడి గతి కాదు. 1994 ప్రపంచ కప్‌లో ఇటలీ కెప్టెన్ ఫ్రాంకో బరేసీకి నార్వేతో ఆటలో మోకాలు దెబ్బతింది. ఆపరేషన్ చేశారు. మూడున్నర వారాలు తిరిగేసరికి జులై 17న ఫైనల్లో దిగి, 34 ఏళ్ల వయసులో, రొమారియో, బెబెటో ఉన్న బ్రెజిల్‌ను 120 నిమిషాలు గోల్ లేకుండా నిలబెట్టాడు. పెనాల్టీల్లో ఇటలీ మొదటి కిక్కు అతనిదే. బంతి బార్ పైనుంచి వెళ్లిపోయింది. అతని కన్నీళ్ల ఫొటో లోకమంతా చూసింది, ఆ 120 నిమిషాల్ని మళ్లీ చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ ఫైనల్ జరిగిన రోజ్ బౌల్ స్టేడియంలోనే, అదే ప్రపంచ కప్‌లో, జూన్ 22న ఇంకొకటి జరిగింది. అమెరికా ఆటగాడు ఎడమ వైపు నుంచి గోల్ ముందుకు బంతి వేశాడు. కొలంబియా డిఫెండర్ ఆంద్రెస్ ఎస్కోబార్ కాలు చాచి దాన్ని అడ్డుకోబోయాడు. బంతి సొంత గోల్లో పడింది. ఆ ఆట 2-1తో ఓడిన కొలంబియా గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. జులై 2న మెదెయీన్‌లో ఎస్కోబార్‌ను కాల్చి చంపారు. అతనికి 27 ఏళ్లు.

ఆ హత్య వెనక ఎవరెవరున్నారన్నది వేరే చర్చ. నేను ఆ కాలు చాచడం గురించి చెప్పాలనుకుంటున్నాను. అతని వెనక అమెరికా ఆటగాడు బంతి కోసం కాచుకుని ఉన్నాడు. ఎస్కోబార్ కాలు చాచకుండా నిలబడిపోయి ఉంటే, ఆ వెనకవాడు గోల్ కొట్టినా అతని పేరు ఎక్కడా వచ్చేది కాదు. బంతికి అడ్డం పడినవాడే నింద మోశాడు. డిఫెండర్ పనిలో ఉన్న ఘోరమైన అన్యాయం ఇదే: ప్రయత్నించినవాడి పేరే తప్పుల జాబితాకు ఎక్కుతుంది. ముందుకు రానివాడు క్షేమంగా ఇంటికి పోతాడు. అభిమానుల కోపం ఈ తేడాను చూడకపోతే డిఫెండర్‌కు నేర్పేది ఒకటే, దాక్కోవడం.

సాయంత్రాలు మా కాలనీ పిల్లలకు ఆట నేర్పుతుంటాను. దాక్కోవడం ఎలా ఉంటుందో అక్కడ చూస్తున్నాను. గోల్ పడ్డ రోజు గట్టు మీద నుంచి ఎవరో పెద్దాయన బ్యాక్ ఆడే కుర్రాడి మీద ‘క్యా కర్ రహా థా రే!’ అని అరుస్తాడు. మర్నాడు ఆ కుర్రాడు గోల్‌కీపర్ దగ్గర నుంచి బంతి అడగడు. వింగర్‌కు ఒక అడుగు దూరంగానే నిలబడతాడు. బంతి కాలికి తగిలితే చాలు, కళ్లు మూసుకుని బయటికి తన్నేస్తాడు. గట్టు మీదివాళ్లు ‘బాహర్ మార్!’ అంటూ దాన్నే మెచ్చుకుంటారు. ‘మామా, తప్పు చెయ్యలేదుగా?’ అని వాడు నన్నడుగుతాడు. తప్పు చెయ్యలేదు నిజమే. ఆటా ఆడలేదు.

మంచి బ్యాక్ చేసే పని వేరు. వింగర్ బంతితో దూసుకొస్తే అతను మీదికి దూకడు. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాణ్ణి టచ్‌లైన్ వైపు, వాడికి చేతకాని కాలి మీదికి నడిపిస్తాడు. రెండు మూడు సెకన్లు ఆలస్యం చేయించగలిగితే చాలు, మిడ్‌ఫీల్డ్ వాళ్లు వెనక్కి చేరుకుంటారు. ఈలోగా గ్యాలరీ ‘పట్టుకో, పట్టుకో’ అని గోల పెడుతుంది. దూకితే చప్పట్లు, దూకి తప్పితే వెనకంతా ఖాళీ. బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు ఇవతలి బ్యాక్ లోపలికి జరిగి, మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ ఉంటాడు. టీవీలో ఇది కనపడదు. వెనక వరుసలోని నలుగురూ ఒక్కసారిగా ముందుకు అడుగేస్తే ఎదుటివాడు ఆఫ్‌సైడ్‌లో చిక్కుకుంటాడు. ఒకడు ఆలస్యమైతే ముగ్గురి పని వృథా అయిపోతుంది. గోల్ పడ్డాక కెమెరా ఆ ఆలస్యమైనవాణ్ణి చూపదు, బంతికి దగ్గరగా ఉన్నవాణ్ణి చూపుతుంది. మనం వాణ్ణే తిడతాం.

మా నాన్న రైల్వేలో కీమ్యాన్. రోజూ తన బీటు మేర పట్టాల వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే ‘కీ’లు వదులైతే సుత్తితో బిగించి వచ్చేవాడు. బండి క్షేమంగా వెళ్లిందని ఆయనకు ఎవరూ దండ వెయ్యలేదు. డిఫెండర్‌ను చూసినప్పుడల్లా నాకు ఆ నడక గుర్తొస్తుంది.

డబ్బు వచ్చాక అంచనాలు మరీ దారి తప్పాయి. 2019లో మాంచెస్టర్ యునైటెడ్ హ్యారీ మగ్వైర్‌ను 8 కోట్ల పౌండ్లకు కొన్నది. అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండర్‌కూ అంత ధర పలకలేదు. స్ట్రైకర్ ధర పెట్టి కొన్నవాడు స్ట్రైకర్‌లా కంటికి కనబడే పని చెయ్యాలని జనం అనుకున్నారు. ఆఖరికి 2022లో ఘనా పార్లమెంటులో ఒక సభ్యుడు దేశ ఆర్థిక వ్యవస్థ నిర్వహణను మగ్వైర్ ఆటతో పోల్చి ఎద్దేవా చేశాడు. ఏడాది తిరిగేసరికి మగ్వైర్ మళ్లీ బాగా ఆడుతుంటే, అదే సభ్యుడు అదే సభలో క్షమాపణ చెప్పాడు. అంత నిజాయితీ ఎంతమంది అభిమానులకు ఉంటుంది?

డిఫెండర్ మీద నమ్మకం ఎలా ఉండాలో మన దేశపు ఫుట్‌బాల్ ఒకప్పుడు చూపించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత్ ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడింది. మనకు దొరికిన రెండు పెనాల్టీలూ పోయాయి. అందులో ఒకటి పోగొట్టినవాడు బ్యాక్ ఆటగాడు శైలేన్ మన్నా. ఆ మన్నాను పక్కన పెట్టలేదు సరికదా, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలకు కెప్టెన్‌ను చేశారు. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టుకు కోచ్ మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆ రహీమే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇంకో సాహసం చేశాడు. స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు థాయ్‌లాండ్‌తో ఆటలో గాయమై కుట్లు పడ్డాయి. వెనక వరుసలో హెడ్డింగ్ తప్పదు కాబట్టి, రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో ఒక గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు జర్నైల్. ఈ కథ అందరూ చెప్పుకుంటారు. జర్నైల్ ముందుకు వెళ్లాక వెనక డిఫెన్స్‌ను కాచిన అరుణ్ ఘోష్ గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. మా బిలాస్‌పూర్ వాళ్లయినా అతణ్ణి మరవకూడదు. మన తాతలను శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడికి తెచ్చిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు మీద కలకత్తాలో ఫుట్‌బాల్ జట్టు ఉండేది. అరుణ్ ఘోష్ ఆ జట్టుకూ ఆడాడు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచే మరో డిఫెండర్, సయ్యద్ నయీముద్దీన్ వచ్చాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అతనే. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య అందుకున్నాడు.

డిఫెండర్ నుంచి ఏమీ ఆశించవద్దని నేననను. గట్టిగానే అడగాలి. తన చోట తను ఉండాలి. పక్కవాడు తప్పితే అడ్డం రావాలి. అలసిపోయిన 85వ నిమిషంలో కూడా వెనక్కి పరుగెత్తాలి. గోల్ పడ్డాక కూడా గోల్‌కీపర్ దగ్గర బంతి అడగాలి. ఇవి అడిగే హక్కు టికెట్ కొన్న ప్రతివాడికీ ఉంది. గోలే పడకూడదని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు, ఎదుట ఉన్న పదకొండు మందీ ఆడటానికే వచ్చారు.

మా కాలనీ తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి మైదానానికి వచ్చినప్పుడు ఓ పది నిమిషాలు బంతిని వదిలేసి, వెనక ఆడే ఒక్క కుర్రాణ్ణే చూడండి. వాడు ఎక్కడ నిలబడ్డాడో, ఎన్నిసార్లు వెనక్కి చూశాడో, ఎవరికి అడ్డం వెళ్లాడో గమనించండి. గోల్ పడితే ఆ నిమిషంలో అరవకండి. ఇంటికి వెళ్లేటప్పుడు మీరు చూసినదేదో వాడితో చెప్పండి.