కోవా నీడన ఓహియా

ఉష్ణమండల దీవిలో లేతమొక్క మంచుకు మాడిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. హవాయి దీవిలో మౌనా కియా పర్వతం తూర్పు వాలున, ఆరు వేల అడుగుల ఎత్తున అదే జరుగుతుంది. అరుదైన అడవి పిట్టల కోసం 1985లో అమెరికా ప్రభుత్వం అక్కడ హకలావు అభయారణ్యం ఏర్పాటుచేసింది. దిగువన వానఅడవి ఇంకా మిగిలే ఉంది. ఎగువన మాత్రం తరాల తరబడి పశువులు మేసిన బోడి నేల. 1793లో బ్రిటిష్ కెప్టెన్ వాంకూవర్ హవాయి రాజు కమెహమెహాకు కానుకగా తెచ్చిన పశువులతో మొదలైన కథ అది. పశువులను తోలేసినా చెట్లు వాటంతటవి రాలేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన కికుయూ గడ్డి చాపలా పరుచుకుని గింజను మట్టి తాకనివ్వదు.

అటవీ సిబ్బంది ముందు కంచె వేశారు. తర్వాత స్వచ్ఛంద సేవకులతో కలిసి కోవా అనే చెట్టు మొక్కలు నాటారు. కోవా మన తుమ్మకు చుట్టం. త్వరగా ఎదుగుతుంది, వేళ్ల బుడిపెల్లో నత్రజని నిలుపుతుంది. అడవి అంచు నుంచి వాలు మీదికి బారులు తీర్చి నాటడంలో ఆలోచన ఉంది: పిట్టకు అది దారి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం మంచును ఎదుర్కొన్న తీరు. మబ్బు లేని రాత్రి మొక్కలోని వేడి ఆకాశంలోకి పోతుంది. అందుకే పరిశోధకులు మొక్కకు ఎంత ఆకాశం కనబడుతుందో కొలిచారు, పక్కనే చిన్న నీడగుడ్డ తెర నిలిపి చూశారు. ఆకాశాన్ని కాస్త మూస్తే చాలు, మొక్కకు మంచు దెబ్బ తగ్గింది. కోవా ఎదిగాక ఆ తెర పని కొమ్మలే చేస్తాయి. అప్పుడు వాటి కింద జామ కుటుంబానికి చెందిన ఓహియా చెట్టును, అడవి పొదలను నాటవచ్చు. అయితే కోవా ఇచ్చిన నత్రజని గడ్డికీ బలమే, గింజకు మట్టి ఇంకా అందదు. అందుకే ఆ రెండో విడత మొక్కలనూ మనుషులే నాటాలి. ఈ ఓపిక లేకపోతే మిగిలేది కోవా తోటే, అడవి కాదు.

కోవా బెరడు తొలిచి పురుగులు తీసే అకియాపోలావు పిట్ట ఇప్పుడు ఈ నాటిన చెట్ల మీద వాలుతోంది. మొక్కను చంపే ఆ చలే పిట్టను కాపాడుతోంది: పక్షులకు మలేరియా మోసే దోమ అంత చలిలో నిలదొక్కుకోలేదు. కానీ భూమి వేడెక్కేకొద్దీ దోమ పైకి ఎక్కుతోంది. దానికన్నా ముందు అడవి పైకి చేరాలి.